కరుణా ఫలకానికి కావలసిన గది

ఒక పుస్తకాన్ని ఒక మనిషి ఒంటరిగా కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదవడం అనాగరిక కాలపు అలవాటు. అందులో సంతకం లేదు, సాక్షి లేడు, ఫోటో లేదు. చదివానని చెప్పుకునే మనిషి మాట తప్ప మరే ఆధారమూ లేదు. ఈ అరాచకాన్ని రూపుమాపడానికే మా ప్రాంతంలో సామూహిక పఠన ప్రోత్సాహక మండలి వెలసింది. (ఎప్పుడు వెలసిందో ఎవరికీ తెలియదు. మాకు అందిన మొదటి సర్క్యులర్ సంఖ్య మాత్రం నూట పదిహేడు.)

ఈ సంవత్సరానికి మండలి నిర్ణయించిన అంశం శరణార్థుల అనుభవాలు. యుద్ధం వచ్చి ఇల్లు విడిచిన ఒక ముసలామె, తన మనవరాలితో కలిసి మూడు దేశాల సరిహద్దులు దాటే వృత్తాంతం గల రెండు వందల నలభై పుటల పుస్తకాన్ని కాలనీకి ఒక ప్రతి చొప్పున పంపిణీ చేశారు. ఉత్తర్వుల్లో దానిని నిర్ణీత గ్రంథం అని పేర్కొన్నారు. నలభై రోజుల్లో కాలనీవాసులందరూ దానిని చదవాలి, చర్చించాలి, చలించాలి. చలించినట్లు ఆధారాలను 'పఠన మిత్ర' అనే యాప్‌లో నమోదు చేయాలి. అత్యధికంగా చలించిన కాలనీకి ఇత్తడితో చేసిన కరుణా ఫలకం ఇస్తారు.

కాజీపల్లి దారిలో ఉన్న మా సుప్రభాత ఎన్‌క్లేవ్‌లో రెండు వందల ఇరవై ఐదు ఫ్లాట్లు ఉన్నాయి. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి వీచే రోజుల్లో మేము కిటికీలు మూసుకుంటాము. మిగిలిన రోజుల్లో సమాజం గురించి ఆలోచిస్తాము. పక్క కాలనీవారికి నిరుడు పరిశుభ్రతా ఫలకం వచ్చింది. దానిని వారు గేటుకు బిగించారు. ప్రతి ఉదయం దాని ముందు నుంచే మా కార్లు వెళ్లవలసి వస్తున్నది. కాబట్టి శరణార్థుల పట్ల మా ఆవేదన ఎంత తీవ్రమైనదో పాఠకులు ఊహించగలరు.

పఠన అమలు సంఘానికి మధుబాబుగారు అధ్యక్షులు. సమావేశ వివరాలు రాసే బాధ్యత నాకు అప్పగించారు. మధుబాబుగారు ఒక మందుల కర్మాగారంలో ఇరవై ఆరేళ్లు నాణ్యతా విభాగాన్ని నడిపిన వ్యక్తి. "రాయనిది జరగలేదు, రాసింది జరిగింది" అన్నది వారి జీవితసూత్రం. తొలి సమావేశంలోనే వారు ఒక శాస్త్రీయమైన ప్రతిపాదన చేశారు.

"వెయ్యి డ్రమ్ముల ముడిసరుకు వస్తే వెయ్యీ తెరుస్తామా? మొత్తం సంఖ్యకు వర్గమూలం కట్టి, ఒకటి కలిపి, అన్ని డ్రమ్ములే తెరుస్తాం. అవి బాగుంటే సరుకంతా బాగున్నట్టే. మన ఫ్లాట్లు రెండు వందల ఇరవై ఐదు. వర్గమూలం పదిహేను. ఒకటి కలిపితే పదహారు. పదహారు ఇళ్లవాళ్లు చదివితే కాలనీ చదివినట్టే."

"పదహారు ఇళ్లవాళ్లూ మొత్తం పుస్తకం చదవాలా?" అని అడిగారు అరుణగారు. ఆమె ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి విరమించారు. అనుమానాలు మాత్రం ఇంకా విరమించలేదు.

"అవసరం లేదు. తలా పదిహేను పుటలు. పదిహేను పదహార్లు రెండు వందల నలభై. పుస్తకం పూర్తి."

లెక్క శేషం లేకుండా సరిపోయింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. చిట్టీలు తీయగా మధుబాబుగారికి మొదటి పదిహేను పుటలు, నాకు అరవై ఒకటి నుంచి డెబ్బై ఐదు వరకు, అరుణగారికి నూట ఆరు నుంచి నూట ఇరవై వరకు వచ్చాయి. చివరి పదిహేను పుటలు ఐదు వందల నాలుగో ఫ్లాటుకు వచ్చాయి. ఆ ఫ్లాటుకు మూడేళ్లుగా తాళం ఉంది. అయినా పన్నెండు రోజుల్లో పదహారు సంతకాలూ వచ్చాయి. యాప్‌లో మా పఠనం నూటికి నూరుగా నమోదైంది. (తాళం వేసిన ఫ్లాటు ఎలా సంతకం చేసిందని ఎవరూ అడగలేదు. సంతకం ఉన్న చోట ప్రశ్న అడగడం నాణ్యతా విభాగపు మర్యాద కాదు.)

ఇక సర్క్యులర్‌లో మిగిలినవి రెండు అంశాలు. తొమ్మిదో అంశం ప్రకారం, ప్రతి కాలనీలోనూ కనీసం నూరు చదరపు అడుగుల వైశాల్యంతో, తలుపు, కిటికీ, నామఫలకం గల పఠన మందిరం ఉండాలి. పద్నాలుగో అంశం ప్రకారం, ముగింపు సభలో ఒక శరణార్థి గాని, లభించని పక్షంలో ఒక స్థానిక నిర్వాసితుడు గాని రెండు నిమిషాలకు మించకుండా తన అనుభవాలు చెప్పాలి.

మా కాలనీలో ఖాళీ గది లేదు. జిమ్ ఉంది గాని, అందులో మా ఆరోగ్యం ఉంది. మిగిలినది జనరేటరు పక్కన, గేటును ఆనుకుని ఉన్న పది అడుగులకు పదకొండు అడుగుల గది ఒక్కటే. దానికి తలుపు ఉంది, కిటికీ ఉంది. దురదృష్టవశాత్తు అందులో వాచ్‌మన్ పోచయ్య, అతని భార్య కౌసల్యమ్మ కూడా ఉన్నారు.

నిర్వాసితుని విషయమై పోచయ్య తనంతట తానే ముందుకు వచ్చాడు.

"సార్, మాది మునిగిన ఊరే గద. డ్యాం కట్టిన్రు, ఊరు నీళ్లల్ల వోయింది. గా ముచ్చట నేను జెప్త."

మధుబాబుగారు ముంపు జాబితాను ఫోనులో తెరిచి అతని పేరు వెతికారు. పేరు దొరికింది. ఎదురుగా 'పునరావాసం పూర్తి, ప్లాటు సంఖ్య అరవై ఒకటి' అని ఉంది.

"నీకు ప్లాటు ఇచ్చారు కదా పోచయ్యా."

"అది గుట్ట మీద బండ సార్. గుంజ సుత పాతరాదు."

"బండ అయినా ప్లాటే. రికార్డు ప్రకారం నువ్వు నలభై ఏళ్ల కిందటే స్థిరపడిపోయావు."

"స్థిరపడితే ఈడెందుకుంట సార్? బొంతపల్లిల ఉన్నం, షెడ్డు కడతమని ఎల్లగొట్టిన్రు. కాజీపల్లిల ఉన్నం, గదులు గూలగొట్టిన్రు."

"అది కిరాయి ఇల్లు ఖాళీ చేయడం. నిర్వాసితత్వం కిందికి రాదు" అన్నారు మధుబాబుగారు. తర్వాత సర్క్యులర్ చూసి, నిర్వాసితత్వం కార్యక్రమం జరిగే నలభై రోజుల లోపల, పత్రాధారాలతో సంభవించి ఉండాలన్న నిబంధనను కూడా చదివి వినిపించారు. పోచయ్య అనుభవాలన్నీ గడువు మీరినవని తేలింది.

తొమ్మిదో అంశానికి గది లేదు. పద్నాలుగో అంశానికి మనిషి లేడు. ఈ రెండు లోపాలూ ఒకే ఒక తీర్మానంతో తీరిపోతాయని సభలో మొదట గమనించినది నేనేనని సవినయంగా మనవి చేస్తున్నాను. పోచయ్య గదిని ఖాళీ చేయిస్తే పఠన మందిరం ఏర్పడుతుంది. అదే క్షణంలో గడువు లోపల, పత్రాధారంతో సహా, ఒక స్థానిక నిర్వాసితుడూ ఏర్పడతాడు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. నోటీసు నేనే రాశాను. మర్యాద విషయంలో దానికి లోటు లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

దానిని అందజేయడానికి మధుబాబుగారు, నేను వెళ్లాము. పోచయ్య గేటు దగ్గర నీళ్ల ట్యాంకరును లోపలికి మళ్లిస్తున్నాడు. కౌసల్యమ్మ గది ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది.

"ఏంది సారూ, ఇద్దరు గలిసొచ్చిన్రు? మోటరు గిట్ల కాలిందా?"

"లేదమ్మా. ఈ గది కావాలి. పఠన మందిరం పెడుతున్నాం."

"పెట్టుండ్రి. మేమేమన్న అడ్డమా? గా గోడకు పుస్తకాలు వెట్టుకోండ్రి."

"అట్లా కాదు. గది ఖాళీగా ఉండాలి. ఫోటోలో మనుషులు కనబడకూడదు."

"సదివేటోళ్లు సుతనా?"

"చదివేవాళ్ల ఫోటో వేరే ఉంటుంది."

కౌసల్యమ్మ చేతిలోని చిక్కుడుకాయను రెండుగా తుంచింది. "మల్ల మేమెటు వోవాలె?"

"సెల్లారులో, స్కూటర్ల పక్కన ఏర్పాటు చేస్తాం. తాత్కాలికమే" అన్నారు మధుబాబుగారు.

"ఊరు మునిగినప్పుడు గూడ తాత్కాలికమే అన్నరు సారూ. గప్పుడు మా పెద్దోడు నా కడుపుల ఉండె. ఇప్పుడు వాని బిడ్డ ఇంటర్ సదువుతుంది." ఆమె కోపంగా అనలేదు, వాతావరణం గురించి చెప్పినట్లు చెప్పింది. "ఆరిండ్లు మారినం. ఏ ఇంట్ల గూడ గోడకు మేకు కొట్టనియ్యలే. సున్నం రాలుతదని ఒకరు, పగులువడతదని ఒకరు. క్యాలెండరు సుత మూట మీద వెట్టుకోని సూస్త. ఈడనన్న ఒక్క మేకు కొట్టుకుందమనుకున్న. ఈ పెద్దసారును అడుగుదమనుకున్న."

పెద్దసారు అంటే నేను. ఈ వాక్యాలను సమావేశ వివరాలలో నమోదు చేయలేదు. మేకు అంశం ఎజెండాలో లేదు.

గురువారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ప్రారంభ ముహూర్తం పెట్టాము. తొమ్మిది గంటలకే పటాన్‌చెరు నుంచి బోర్డులు రాసే సాదుల్లా వచ్చి తలుపు మీద 'పఠన మందిరం' అని నీలిరంగుతో రాయడం మొదలుపెట్టాడు. 'పఠన' పూర్తయ్యాక కుంచె ఆపి నా వైపు తిరిగాడు.

"సాబ్, లోపల ఆద్మీలు ఉన్నరు. సామాన్ తీస్తున్నరు. పెయింట్ పచ్చిగుంది, వాళ్ల మూటలకు అంటుకుంటది."

"మూటలకు అంటితే ఏమవుతుంది?"

"మూటలకేం కాదు సాబ్. మీ మందిరం ఖరాబైతది."

పదయ్యే సరికి సామానంతా బయటికి వచ్చింది. రెండు మూటలు, ఒక ట్రంకుపెట్టె, ఒక బిందె, చుట్టచుట్టిన చాప. మూటల మీద క్యాలెండరు. గది శుభ్రంగా, ఖాళీగా, చాలా చదువుకున్నదానిలా కనిపించింది. మండలి తనిఖీ అధికారిణి పదకొండు గంటలకు వస్తారని యాప్ తెలిపింది.

ఇక్కడ ఒక చిన్న సాంప్రదాయిక ఇబ్బంది ఎదురైంది. కొత్త గదిని పాలు పొంగించకుండా ప్రారంభించడం అశుభమని అరుణగారు అభ్యంతరం చెప్పారు. మధుబాబుగారు శాస్త్రీయ దృక్పథం గలవారే. అయినా సొంత ఫ్లాటులో పాలు పొంగించడానికి ఐదు నెలలు ముహూర్తం కోసం ఆగి, సామాను లేకుండా మూడు రాత్రులు నేల మీద నిద్ర చేసినవారు కాబట్టి వెంటనే అంగీకరించారు. పాలు వచ్చాయి. పొయ్యి లేదు. మా ఫ్లాట్లన్నిటికీ పైపు గ్యాసు. మా పొయ్యిలు కదలవు. కదిలే పొయ్యి కౌసల్యమ్మది ఒక్కటే. చిన్న సిలిండరు మీద బిగించిన ఆ పొయ్యిని వెలిగించే ధైర్యం సంఘ సభ్యులెవరికీ లేకపోవడంతో ఆమెనే లోపలికి పిలిచాము.

కౌసల్యమ్మ పొయ్యిని మళ్లీ గదిలోకి తెచ్చింది. తూర్పు ఏదో ఎవరినీ అడగకుండానే గిన్నె పెట్టి, బొట్టు పెట్టి, వెలిగించింది. పాలు కాగేదాకా చేయవలసిన పని ఏదీ సర్క్యులర్‌లో లేదు. అందరం గోడలు చూస్తూ నిలబడ్డాము.

"సారూ, గా కితాబుల ఆ ముసలామెకు ఆఖరికి ఏమైతది?" అని అడిగింది కౌసల్యమ్మ.

మధుబాబుగారు గొంతు సవరించుకున్నారు. "బయలుదేరుతుందమ్మా. మనవరాలిని తీసుకుని ఇల్లు వదిలి బయలుదేరుతుంది."

"అది మొదట్ల గద. ఆఖర్ల?"

"నా భాగంలో పడవలో ఉంది" అన్నారు అరుణగారు. "వర్షం పడుతోంది."

నా పదిహేను పుటల్లో ఆమె ఒక కార్యాలయం ముందు వరుసలో నిలబడి ఉందని, డెబ్బై ఐదో పుట ముగిసేసరికి ఇంకా నిలబడే ఉందని నేను తెలిపాను.

"చివరి భాగం ఐదు వందల నాలుగు చదివింది" అన్నారు మధుబాబుగారు. "రికార్డు ఉంది."

"ఐదు వందల నాలుగు నేనే సార్" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడిన పోచయ్య.

మధుబాబుగారు అతని వైపు తీవ్రంగా చూశారు. "నిన్ను సంతకం పెట్టమన్నాను. చదవమనలేదు."

"సదవకుంట ఎట్ల పెడత సార్, సంతకం? ఏడో తరగతి దాక సదివిన. మూడు దినాలు వట్టింది."

"ఏమైందయా మల్ల, జెప్పు" అంది కౌసల్యమ్మ.

"గది దొరుకుతదే. గోడలు, తలుపు, అన్ని మంచిగనే ఉంటయి. తాళంచెవి గూడ చేతికిస్తరు." అన్నాడు పోచయ్య. "గని ముసలామె మూట ఇప్పది. మూట మీదనే కూసుంటది. మనుమరాలు ఇప్పు ఇప్పు అంటది. ఇప్పది. గంతే, ఐపోతది."

"ఎట్లిప్పుతది?" అంది కౌసల్యమ్మ, పక్కింటి ఆవిడ సంగతి అన్నట్లు. అంతలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

మేము చప్పట్లు కొట్టాము. కౌసల్యమ్మ పాలను గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చింది. ఆ తర్వాత బయటికి వెళ్లి, మొదటి మూటను ఎత్తుకుని లోపలికి తెచ్చి, కిటికీ కింద దింపింది. రెండో మూటకు పోయింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు మధుబాబుగారు.

"పాలు పొంగిచ్చిన గద సారూ. పొంగిచ్చినోళ్లదే ఇల్లు. మూడు దినాలు ఈడనే నిద్ర జెయ్యాలె, పొయ్యి ఆరిపోవద్దు. మీరు మీ ఇంట్ల జెయ్యలే?"

మధుబాబుగారు తాగని పాల గ్లాసును కిటికీలో పెట్టారు. అరుణగారి చేత మరోసారి పొంగిద్దామని నేను సూచించాను. ఒకే గడపలో ఒకే రోజు రెండుసార్లు పొంగిస్తే అరిష్టమని అరుణగారే చెప్పారు. సంఘం పది నిమిషాలు చర్చించింది. చట్టం మా వైపు ఉంది, నోటీసు మా వైపు ఉంది. పాలు మాత్రం ఆమె వైపు ఉన్నాయి. చివరకు మధుబాబుగారు తమ వృత్తి అలవాటు ప్రకారం లోప నివేదిక రాయడానికి ఉపక్రమించారు. మూలకారణం: పాలు. నివారణ చర్య: ఇకపై ప్రారంభోత్సవాలలో చల్లని పాలు వాడవలెను.

నివేదిక మీద సంతకాలు కాకముందే తనిఖీ అధికారిణి నిషితగారు వచ్చారు. పావుగంట ముందే వచ్చారు. (ఆలస్యంగా రావడమే ప్రభుత్వ లక్షణమనుకునేవారికి ఇది గుణపాఠం.) ఆమె వచ్చేసరికి గుమ్మంలో ట్రంకుపెట్టె, కిటికీ కింద రెండు మూటలు, వాటిలో ఒకదాని మీద కౌసల్యమ్మ, పక్కన నిలబడి పోచయ్య. మూట మూలకు నీలిరంగు అంటుకుని ఉంది. మా ఫలకం చేజారిందని మేము నిర్ణయించుకున్నాము.

నిషితగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది ఎవరి ఐడియా?"

మధుబాబుగారు లోప నివేదికను వెనక్కి దాచారు.

"ఈ మూటలు నిజమైనవేనా?"

"నిజమైనవే మేడం" అన్నారు మధుబాబుగారు, ఆత్మరక్షణ కోసం.

"లోపల ఏమున్నాయమ్మా?"

"బట్టలు, బియ్యం, ప్లాటు కాయితం" అంది కౌసల్యమ్మ.

నిషితగారి కళ్లు చెమర్చాయి. "జిల్లాలో నలభై కాలనీలు చూశాను. అందరూ థర్మాకోల్‌తో శరణార్థుల గుడిసె చేసి పెట్టారు. మనుషులను పెట్టింది మీరొక్కరే." ఆమె ఫోటోలు తీశారు. కౌసల్యమ్మను కొంచెం కిందికి చూడమన్నారు. పాల గ్లాసును చిత్రంలో లేకుండా పక్కకు పెట్టించారు.

"మేడం, వీళ్లు నిజానికి ఇక్కడే ఉంటామంటున్నారు" అన్నారు మధుబాబుగారు.

"ఉండనివ్వండి. లోపల ఉంటే ప్రదర్శన. బయట ఉంటే సమస్య" అన్నారు నిషితగారు.

కరుణా ఫలకం మాకే వచ్చింది. దానిని గేటుకు, పక్క కాలనీవారికి కూడా కనిపించే కోణంలో బిగించాము. ముగింపు సభలో పోచయ్య ఒక నిమిషం నలభై సెకన్లు మాట్లాడాడు. సభ్యులు చలించారు. ప్రశంసాపత్రం మీద శాశ్వత చిరునామా అనే గడిలో ఏమి రాయాలో తెలియక 'పై విధంగా' అని రాసి ఇచ్చాము. (పైన ఏమీ లేదు.)

వారం తిరగకుండా మండలి నుంచి ఉత్తర్వులు వచ్చాయి. పోచయ్య దంపతులు శాశ్వత తాత్కాలిక సజీవ ప్రదర్శనగా పఠన మందిరంలోనే నివసించడానికి అనుమతి ఇచ్చారు. ఉదయం పది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు సందర్శన వేళలు. ఆ వేళల్లో మూటలు కట్టి ఉండాలి, పొయ్యి వెలగరాదు. నిర్ణీత గ్రంథం అద్దాల బీరువాలో తాళం కింద ఉండాలి. మొదటి రెండు వందల ఇరవై ఐదు పుటలు కూడా చదువుతానని పోచయ్య అడిగాడు గాని, ప్రదర్శనలో ఉన్నవారు ప్రదర్శనలోని వస్తువులను తాకరాదన్న నిబంధన వల్ల వీలుపడలేదు.

ఉత్తర్వుల చివరి షరతు ఇది: నిర్వాసితులుగా కొనసాగినంత కాలమే వారికి ఈ గదిలో నివసించే హక్కు ఉంటుంది. వారు ఇక్కడ స్థిరపడినట్లు తనిఖీలో తేలిన పక్షంలో గదిని తక్షణమే ఖాళీ చేయవలెను.

ఈ షరతును కౌసల్యమ్మకు నేనే చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "అంటే ఉండొచ్చు గని, ఉన్నట్టు ఉండొద్దు, గంతేనా సారూ?" అని అడిగింది. ముసాయిదా రాసినవారికన్నా స్పష్టంగా ఉన్నందున ఆ వాక్యాన్ని నేను సవరించలేదు.

నిన్న మొదటి త్రైమాసిక తనిఖీ జరిగింది. మూటలు బిగుతుగా ఉన్నాయి. నామఫలకం శుభ్రంగా ఉంది. సందర్శకుల పుస్తకంలో ముప్పై ఒక్క మంది చలించినట్లు సంతకాలు ఉన్నాయి. ఒకే ఒక్క లోపం బయటపడింది. తలుపు వెనక గోడకు కౌసల్యమ్మ ఒక మేకు కొట్టి, బొంతపల్లి వీరభద్రస్వామి బొమ్మ ఉన్న క్యాలెండరు తగిలించింది. ఇది స్థిరపడే ఉద్దేశాన్ని సూచిస్తున్నదని నిషితగారు నమోదు చేసి, మొదటి హెచ్చరిక జారీ చేశారు. యాప్‌లో మా కరుణ తొంభై ఆరుకు పడిపోయింది.

సంఘం వెంటనే స్పందించింది. సాదుల్లాను పిలిపించి మేకు పీకించి, రంధ్రాన్ని పుట్టీతో పూడ్పించి, ఫోటో తీసి పంపాము. క్యాలెండరు మళ్లీ మూట మీదికి చేరింది. సాయంత్రానికల్లా మా కరుణ మళ్లీ నూటికి నూరు అయింది.